ఆకేరు దాటిన మంచుబీర్వా

"బరువుదేముంది, బరువు గాడిద గుడ మోస్తది. ఒరగకుంట, గీతవడకుంట, ఆడ నిలవడ్డది నిలవడ్డట్టె తెచ్చి ఈడ నిలవెట్టుడున్నది సూడు, గది పనంటె" అన్నాడు ఐలయ్య, బెంచీ మీదికి కాళ్లు లాక్కుని కూర్చుంటూ.

డోర్నకల్ స్టేషన్ బయట పుష్పమ్మ ఛాయ్ కొట్టు అది. మబ్బు పట్టిన మధ్యాహ్నం. కాజీపేట దిక్కు పోయే ప్యాసింజరు రావాల్సిన వేళ ఎప్పుడో దాటిపోయింది. మిలిట్రీ బండి ముందు పోవాలని దాన్ని ఖమ్మం దగ్గరే నిలిపేశారని పుష్పమ్మ పెనిమిటి దానియేలు చెప్పాడు. అతను పట్టాల మీద గ్యాంగు పని చేస్తాడు. ఆ పూట పని లేక కొట్టు ముందరే కూర్చున్నాడు.

బెంచీకి ఆ చివర తుల్సీరాం. అడవి అంచు తండా వాడు. ఇప్పుడు తండా లేదు. మిలిట్రీ వాళ్లు గుడిసెలు కాల్చి, జనాన్ని మానుకోట అవతల ముళ్లకంచె వేసిన క్యాంపులోకి తోలారు. బొగ్గు దించే కూలికి పొద్దున బయటికి వదులుతారు. పొద్దుగూకే లోపల లెక్కకు నిలబడకపోతే అతని బదులు అతని తల్లి చాందీని ఎండలోనో వానలోనో నిలబెడతారు. అందుకే అతని చూపు సిగ్నలు మీదనే ఉంది. ఛాయ్ చల్లారిపోయింది.

"ఐలన్నా, జర ఏమన్న జెప్పరాదు. ఆ పిలగాడు అట్ల సిగ్నలు దిక్కే సూసుకుంట కూసున్నడు" అంది పుష్పమ్మ.

ఆ రోజుల్లో ఎవరైనా నోరు తెరిస్తే గొంతు తగ్గించే మాట్లాడేవారు. ఏ ఊళ్లో సోదా, ఎవర్ని పట్టుకుపోయారు, ఎవరు తిరిగి రాలేదు, ఇవే మాటలు. గొంతు తగ్గించకుండా మాట్లాడగలిగినవాడు ఐలయ్య ఒక్కడే. అతను చెప్పేది ఎవరూ నమ్మరు. పోలీసులు కూడా నమ్మరు.

"ఏం జెప్పాలె మరి? సరె, మా దొర మంచుబీర్వా ఇల్లు మారిన సంగతి జెప్త. తుల్సీరాం, ఇటు దిరుగు. నువ్వు సూసినా సూడకున్నా రైలు దాని యాళ్లకే అది వస్తది. మంచుబీర్వా అంటె ఎరుకేనా?"

"ఎరుక లేదన్న."

"ఇనుప బీర్వా. మీగడ లెక్క తెల్లగుంటది. నిలవడితె నాకంటె ఇంత ఎత్తు. కింద గాసునూనె దీపం వెడితె పైన బరఫ్, మంచుగడ్డ, పుడుతది."

"దీపం వెడితె బరఫ్ ఎట్ల పుడుతది?"

"గదే దొరల సంగతి తమ్మీ. మనింట్ల దీపం వెడితె పొగ వస్తది, ఆళ్లింట్ల వెడితె బరఫ్ వస్తది. పట్నంల కొన్నడు మా దొర. జనగామ దన్క రైలుల వచ్చింది, ఆడికెల్లి మా ఊరికి బండి మీద వచ్చింది. ఇంతల ఊర్లె దొర మీద సంగం లేసింది, దొర రాత్రికి రాత్రి పట్నం పారిపోయిండు, గడీకి తాళం వడ్డది, బీర్వా లోపల్నే ఉన్నది. మళ్ల సంగపోళ్లను వట్టనీకె మిలిట్రీ వచ్చింది, మిలిట్రీ జీపు ఎనక దొర గుడ వచ్చిండు. వచ్చిండు గని గడీల పండుకుంటె నిద్ర వడ్తలేదు. కుక్క మొరిగినా లేసి కూసుంటుండు. ఇగ గిట్ల కాదని చెప్పి ఈడ డోర్నకల్ల మిలిట్రోళ్ల నీడకు బంగ్లా తీస్కున్నడు. మంచాలు వచ్చినయ్, గడియారం వచ్చింది, అద్దాలు వచ్చినయ్. దొరసాని మాత్రం బీర్వా కదిలితెనే నేను కదుల్త అన్నది. ఊరంత పిలిచి సూసిన్రు, ఎవ్వనితోని కాలే. అప్పుడు నన్ను పిలిచిన్రు."

"పిలిచిన్రా, గుంజుకపోయిన్రా?" అన్నాడు దానియేలు.

"పిలిచిన్రు అంటున్న కద" అన్నాడు ఐలయ్య. "నన్నూ, మా బావ పెంటయ్యను. బావంటె మా చెల్లె నర్సమ్మ పెనిమిటి. ఇగో ప్లాట్‌ఫారం మీద పల్లికాయ అమ్ముతది సూడు, మా నర్సమ్మ."

పెంటయ్య పేరు వినగానే దానియేలు భార్య వైపు చూశాడు. పుష్పమ్మ తల వంచుకుని పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"బీర్వాకు ఒక్కటే నేమం" అన్నాడు ఐలయ్య. "పండవెట్టొద్దు. ఎన్నడు పండవెట్టొద్దు. దాని కడుపుల ఏదో మందు తిరుగుతదట, ఒరిగితె గా మందు ఎక్కొద్దన్న కాడికి ఎక్కి బీర్వా సచ్చిపోతదట. మనిషి కంటె నాజూకు. అందుకని ఏం జేసినం? గాసునూనె అంత వంపినం. లోపలి జాలీ అరలు తీసి దొరసాని పాత చీరెలల్ల సుట్టినం. తలుపు తాడుతోని కట్టలే, తాడు గీతలు వడేస్తది, మెత్తటి బట్టతోని కట్టినం. బండిల ఇంత మందం వరిగడ్డి వరిచినం. బీర్వా సుట్టు బొంతలు, బొంతల మీద గోనెలు, గోనెల మీద తాళ్లు. దర్వాజ ఇరుకుంటె చౌకట్టు పీకినం. ఇగ ఎత్తినం. ఇద్దరమే. దొర కారోబారి, ఆయిన లెక్కలు సూసెటోడు, గొడుగు వట్టుకొని సూసుకుంట నిలవడ్డడు. ఆయిన నోరు తెరిసేలోపల బీర్వా బండిల ఉన్నది."

"ఇద్దరే?" అన్నాడు తుల్సీరాం.

"ఇద్దరమంటె ఇద్దరం గాదు, నిజం జెప్పాల్నంటె నేను ఒక చెయ్యి వేసిన, గంతే. బలమంత మా బావది. ఆయిన బలం సంగతి నీకు ముందల తెలుస్తది. ఎడ్లు గట్టినం, బయలెల్లినం. మరిపెడ ఇంక రానేలేదు, టక్కుమని ఇరుసు ఇరిగింది. కారోబారి నెత్తి కొట్టుకున్నడు. మా బావ ఏం జేసిండో ఎరుకేనా? తువ్వాల నడుముకు సుట్టిండు, బండి కిందికి దూరిండు, కుడిచెయ్యి ఒక చక్రంల దూర్చిండు, ఎడమచెయ్యి ఇంకో చక్రంల దూర్చిండు, ఎన్ను మీద బండి నిలవెట్టుకున్నడు, ఇగ పోదం పా బావా అన్నడు. ఇరుసు ఆయినే."

"మరి కాళ్లు?"

"కాళ్లేమున్నయ్, కిందికి నడుస్తయ్. ఆయిన నడుస్తుంటె ఎడ్లకు పని లేకపాయె. రెండూ నెమరేసుకుంట ఊకె పక్కపొంటి వచ్చినయ్."

తుల్సీరాం ముఖంలో నవ్వు లాంటిది కదిలింది. చల్లారిన గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. ఐలయ్యకు అది చాలు. గొంతు పెరిగింది.

"మరిపెడ దాటినంక మిలిట్రీ నాకా, వచ్చే పోయే బండ్లను ఆపి సోదా జేసే జాగ. తుపాకులు వట్టుకొని జవాన్లు, మీసాల సుబేదారు. గడ్డి, బొంతలు, తాళ్లు, ఇంత ఎత్తు సామాను జూసేసరికి ఆళ్లకు అనుమానం. అందర్ కౌన్ హై, లోపల ఎవ్వలు అన్నడు. కోయీ నహీ సాబ్, బరఫ్ హై అన్న. ఖోలో, తెరువు అన్నడు. ఖోల్తె మంచిగుండదు సాబ్, మీరు పరేషాన్ అయితరు అన్న. ఇంటడా? ఇగ మా బావ తాళ్లిప్పి తలుపు జరంత, ఇంత సందు తెరిసిండు. లోపలికెల్లి ఇగం, గడ్డగట్టే సలి, వచ్చింది సూడు. జవాన్ల చేతులు తుపాకులకు అంటుకపోయినయ్. సుబేదారు మీసాలు కట్టెలైనయ్, ఒకటి ఇరిగి కింద వడ్డది. ఆయిన తిట్టవోయిండు, తిట్టు నోట్లనే గడ్డగట్టింది. దవాఖానకు తీస్కపోయిన్రట, డాక్టరు గుడ తీయలేకపోయిండట. ఎండకాలం అది కరిగి బయటవడుతదని జవాన్లు ఇప్పటి దన్క ఎదురుసూస్తున్నరు."

"ఐలన్నా, దీపం ముట్టియ్యని బీర్వాల ఇగం ఎక్కడికెల్లి వస్తది?" అన్నాడు దానియేలు. నవ్వకుండా అడిగాడు.

"ఊరగాయ జాడికి మూత వెడితె ఉప్పు పోతదా? దొరసాని యేండ్లకేండ్లు పెట్టిన ఇగమది. లోపల్నే ఊరుతది."

రోడ్డు మీద సైకిలు చప్పుడైంది. కానిస్టేబులు ఒకడు మెల్లగా తొక్కుకుంటూ వస్తున్నాడు. కొట్టు ముందర అందరూ గ్లాసుల్లోకి చూశారు. తుల్సీరాం జేబులోని క్యాంపు చీటీని చేత్తో తడిమి చూసుకున్నాడు. సైకిలు ఆగింది. కానిస్టేబులు బెంచీ మీద కూర్చున్నవాళ్లను ఒక్కొక్కరినే చూసి, ఐలయ్య దగ్గరికి వచ్చేసరికి పెదవి విరిచి, మళ్లీ తొక్కుకుంటూ పోయాడు.

సైకిలు మలుపు తిరిగాక ఐలయ్య ముందుకు వంగాడు. గొంతు మొదటిసారి తగ్గింది.

"నాకా దాటినంక చెట్లల్లకెల్లి కొందరు ఎదురొచ్చిన్రు. ఎవ్వలని మీరడగొద్దు, నేను జెప్పొద్దు. దొర సామానని పలగగొట్టవోయిన్రు. ఆళ్లల్ల ఒకనికి తొడల గుండు దిగి ఉన్నది, నెత్తురు ఆగుత లేదు, ముఖం సున్నమోలె అయింది. మా బావ ఏం మాట్లాడలే. బీర్వా తీసిండు, బరఫ్ ముక్క ఇరిసిండు, గాయం మీద వెట్టిండు. నెత్తురు ఆడికే ఆగింది. లోపలున్న గుండు సలికి తట్టుకోలేక వణికి వణికి తనంతల తానే బయటికి దుంకింది. పిలగాడు లేసిండు, పంచె దులుపుకున్నడు, ఆళ్లతోని నడుసుకుంట పోయిండు."

"బతికిండా?" అన్నాడు తుల్సీరాం.

"బతుకుతడు తమ్మీ. నేను జెప్పేదాంట్ల ఎవ్వరు సావరు."

తుల్సీరాం మళ్లీ సిగ్నలు దిక్కు తిరిగాడు. అతని తమ్ముడు టీక్యాను తండా కాల్చిన రోజున తీసుకుపోయారు. ఆ సంగతి పుష్పమ్మకు తెలుసు. ఐలయ్యకు కూడా తెలుసు.

"ఇగ ఆకేరు వాగు కాడికొచ్చినం" అన్నాడు ఐలయ్య.

దానియేలు లేచి నిలబడ్డాడు. "ఐలన్నా, సాలు. రైలు వచ్చే యాళ్లైంది."

"సిగ్నలన్న వడలే, రైలెక్కడిది? కూసో. ఆకేరుకు వచ్చేసరికి వరద. వరదంటె అట్లాంటి ఇట్లాంటి వరద గాదు. తాటిచెట్లు కొసల దన్క మునిగినయ్, కల్లు గీసెటోళ్లు తెప్పల మీద వోయి ముంతలు దించుకుంటున్నరు. ఎడ్లు కాలు వెట్టం అన్నయ్. కారోబారి ఒడ్డు మీద గొడుగు కింద కూసోని ఏడుస్తుండు, దొర నన్ను సంపుతడు అని. మా బావ అన్నడు, ఏడవకు కారోబారీ, నీ బీర్వాకు సుక్క తడవదు అన్నడు. నీళ్లల్లకు దిగిండు. ముందుగాల బీర్వాను భుజం మీద వెట్టుకున్నడు. తర్వాత, బండి ఈడ ఒక్కతే ఏం జేస్తది, దాన్ని గుడ ఎత్తుకున్నడు. ఎడ్లు దీనంగ సూసినయ్, ఆటిని బండిల ఎక్కిచ్చిండు. బావా నువ్వు గుడ ఎక్కు అన్నడు, నేను ఎక్కి బీర్వా మీద కూసోని చుట్ట ముట్టిచ్చిన. ఆయిన నడుస్తుండు. నీళ్లు ఛాతీకొచ్చినయ్, మెడకొచ్చినయ్, నెత్తి మీదికెల్లి పోయినయ్. మీదికి రెండు చేతులే కనవడుతున్నయ్. రెండు చేతుల మీద బండి, బండిల బీర్వా, బీర్వా మీద నేను. అరంగుళం ఒరగలే. నా చుట్ట బూడిద గుడ రాలలే, ఎర్కేనా?"

ప్లాట్‌ఫారం దిక్కు నుంచి ఒకామె నెత్తిన గంపతో వచ్చి కొట్టు చాటున దించుకుంది. ఐలయ్య వీపు అటే ఉంది. పుష్పమ్మ చూసి కళ్లతో సైగ చేసింది. అతను ఆ ఊపులో చూడలేదు.

"అవతలి ఒడ్డుకొచ్చి మెల్లగ దించిండు. పసిపిల్లను పండవెట్టినట్టు. కారోబారి ఉరికొచ్చి కాళ్ల మీద వడ్డడు. మా బావ పెయ్యి తుడుసుకున్నడు, అన్నడు కదా, బావా, గీ ఆకేరు మోకాళ్ల కిందికే వచ్చింది, నాకు ఆన్తలేదు, నేను గోదారి సూసొస్త అన్నడు. పోయిండు. గట్లనే పోయిండు, భూపాలపల్లి అడవులల్లకు. ఆడ ఏం జేస్తుండో ఎరుకేనా? మిలిట్రోళ్లు తండాలు కాలవెట్టి జనాన్ని క్యాంపులకు తోలుతున్నరు కద. ఈయిన ముందుగాల్నే వోతడు. తండాకు తండా ఎత్తుతడు. గుడిసెలు, మేకలు, మంచె మీది జొన్న కంకులు, పొయ్యి మీది కుండలు గుడ, కుండలల్ల అంబలి ఒలకదు, గట్ల నెత్తి మీద వెట్టుకొని గోదారి దాటిచ్చి, ఏ జీపూ రాని కాడ దించుతడు. పొద్దున మిలిట్రోళ్లు వచ్చేసరికి ఆడ ఉత్త నేలుంటది. ఆళ్లు నక్షా తీసి సూసుకుంటరు, ఈడనే కద ఉండె అనుకుంటరు. ముసలోళ్లు నిద్రల్నే ఉంటరు, లేసి సూసేసరికి కొత్త జాగ. దెబ్బ దాకదు. గీతవడదు."

తుల్సీరాం గ్లాసు కింద పెట్టాడు.

"మా తండ గుడ దెస్తడా అన్నా?"

ఐలయ్య చెవి వెనక పెట్టుకున్న బీడీ చేతిలోకి తీసుకున్నాడు. "తెస్తడు. మీదే ఉన్నది ముందల. అడవి దిక్కు పని ఒడిసినంక ఇటే వస్తుండు."

"మా టీక్యా గుడ?"

"అన్నా" అంది వెనక నుంచి నర్సమ్మ.

ఐలయ్య తిరగలేదు. చేతిలో బీడీ ఉంది, అది ముట్టించనే లేదు.

"ఆకేరుల ఆ దినం నీళ్లెంత ఉండె?"

నర్సమ్మ వచ్చి బెంచీ ముందర నిలబడింది. సన్నటి మనిషి. ముప్పై దాటి ఉండవు. అన్నను కాదు, తుల్సీరాంను చూస్తూ చెప్పింది.

"నడుముల దన్క ఉండె. ఒడ్డుకు మేకలు మేపెటామెను అడిగిన నేను. ఆమె సూసింది. వరద లేదు, ఏం లేదు. ముందటి దినం వచ్చింది, తీసింది. ఆయినకు జరం. గంజి తాగితె కక్కిండు. నిలవడితె కాళ్లు వణుకుతున్నయ్. కారోబారి వాకిట్లకొచ్చి, వస్తడా, మిలిట్రీ సారును పిల్వాల్నా అన్నడు. జరమున్నది దొరా అన్న నేను. నీళ్లల్ల దిగుతె జరం దిగుతది అన్నడు. నవ్విండు గుడ."

దానియేలు తల గుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మా ఆయిన బలమంటివి. రెండు కడవల నీళ్లు ఒక్కసారి తెస్తె ఆయాసమొచ్చేది ఆయినకు. నేనే తెచ్చేదాన్ని. ఊకె నవ్వెటోడు, నీ బలం నాకు రాలేదే అని. ఏటి నడిమిట్ల ఎడమెద్దు ఇసుకల కూరుకపోయింది. బండి ఒరిగింది. కారోబారి ఒడ్డుమీదికెల్లి, పడనియ్యకు, పడనియ్యకు అన్నడు. ఈయిన కిందికి భుజం వెట్టిండు. పడనియ్యలే. ఎద్దు లేసేసరికి బీర్వా నిలవడ్డది, ఈయిన నీళ్లల్లకెల్లి లెవ్వలే."

"నేను నొగలు వట్టుకున్న" అన్నాడు ఐలయ్య. ఆ గొంతు అతనిది కాదనిపించింది. "నొగలు వట్టుకొని ముందలున్న. పిలిచిన. పలుకుతలేడు."

"నువ్వు నొగలిడిస్తె ఎడ్లు వోతుండె, నువ్వు వోతుండె. నీ మీద నాకేం లేదన్నా. ఎన్నడు లేదు." ఆమె గొంతు పెరగలేదు. "ఒడ్డుకు దెచ్చి పండవెట్టిన్రు. బీర్వా సుట్టు అన్ని బొంతలున్నయ్. ఒక్కటి ఇప్పియ్యమంటె కారోబారి ఇప్పియ్యలే, గీతలు వడతయని. నువ్వు తలగుడ్డ గప్పినవ్. గప్పి, బండి తోలమంటె తోలినవ్, తుపాకులోళ్లు ఎనకున్నరు కాబట్టి. ఈడ బంగ్లల దించినంక దీపం వట్టి, గీత వడ్డదా అని సుట్టు సూసిన్రట."

"సూసిన్రు" అన్నాడు దానియేలు మెల్లగా. "దించెటోళ్లల్ల నేనున్న. ఒక దినం ఊకె నిలవెట్టి, లోపలి మందు సదురుకున్నంక ముట్టియ్యాలన్నరు. ముట్టిచ్చిన్రు. మంచిగ వచ్చింది, ఏం గాలేదు అనుకున్నరు. నేను గుడ గట్లనే అనుకున్న."

ఐలయ్య తల ఎత్తి చెల్లెలిని చూశాడు. "నర్సమ్మా, నేను ఆయినను తక్కువ జేసి జెప్పలేదు. దేవుని లెక్క జెప్పుతున్న. అందరు ఆయిన పేరు తల్సుకుంటున్నరు, రైలెక్కి పోయెటోళ్లు గుడ."

"నాకెరుక. కిటికీల కాడ పల్లికాయ అమ్ముకుంట ఇంటున్న నేను. పెంటయ్య ఇరుసైండట, పెంటయ్య ఎడ్లను మోసిండట అని నవ్వుకుంట తింటరు. ఇన్ని దినాలు ఊకున్న, మా అన్నకు గదొక్కటే ఓదార్పు అని. ఇయాల గీ పిలగాన్ని నమ్మిస్తివి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "అన్నా, నువ్వు తాటిచెట్టంత వరద జేసినవ్. వరదల వోయిండంటె అయ్యో అని లేసి పోతరు. నడుముల్లోతు నీళ్లల్ల వోయిండంటె, అదెట్ల అని అడుగుతరు. అడగనియ్యి."

పొయ్యి మీద పాలు పొంగి మంటలో పడ్డాయి. పుష్పమ్మ దించలేదు.

సిగ్నలు పడిన చప్పుడు వినిపించింది. తుల్సీరాం లేచాడు. చీటీ మళ్లీ తడిమి చూసుకున్నాడు. ఏదో అనాలని నర్సమ్మ ముందు ఆగాడు.

"నమ్మలేదక్కా" అన్నాడు. "మా తండ మోసెటోడు ఎవ్వడు లేడని నాకెరుకే. ఆయిన జెప్తుంటె జర సేపు మంచిగనిపిచ్చింది. అందుకే అడిగిన."

నర్సమ్మ గంపలోంచి దోసెడు పల్లికాయ తీసి అతని తువ్వాలలో పోసింది. "మీ అమ్మకియ్యి. నువ్వు ఉరుకు. చీకటి గాకముందే వోతవ్."

అతను పట్టాల దిక్కు పరుగెత్తాడు. నర్సమ్మ గంప దగ్గర వంగింది. ఐలయ్య లేచి వచ్చి ఒక అంచు పట్టాడు. ఇద్దరూ కలిసి ఎత్తారు. ఆమె నెత్తి మీద చుట్టకుదురు సర్దుకుని, అన్న భుజం మీద ఒకసారి చెయ్యి ఆన్చి, ప్లాట్‌ఫారం మీదికి పోయింది. కాసేపటికి రైలు చప్పుడులో ఆమె కేక వినిపించింది. పల్లికాయ, ఉడకవెట్టిన పల్లికాయ.

రైలు దిగినవాళ్లు నలుగురైదుగురు కొట్టు మీదికి వచ్చారు. వాళ్లలో ఒకడు, సంచి భుజాన వేసుకున్న లింగాల ఘనపూర్ రైతు, ఛాయ్ చెప్పి ఐలయ్యను తేరిపార చూశాడు.

"ఐలయ్యవు నువ్వేనా? డోర్నకల్ల దిగితె మంచుబీర్వా కథ ఇనిపొమ్మన్నరు మా ఊరోళ్లు. జర చెప్పరాదె. నవ్వక శాన దినాలైంది."

ఐలయ్య రైలు దిక్కు చూశాడు. కిటికీల వెంట గంప కదులుతూ పోతోంది. చివరి పెట్టె దాకా పోయి అక్కడ ఆగింది.

"కథ శాన లేదన్నా" అన్నాడు. "మా బావ పెంటయ్యకు జరముండె. దొర బీర్వాను మోయ తోలిన్రు. ఆకేరుల నీళ్లు నడుముల దన్క ఉండె. ఆ నీళ్లల్లనే సచ్చిపోయిండు."

ఆ రైతు నవ్వడానికి సిద్ధపడ్డ ముఖంతోనే కాసేపు ఉన్నాడు. తర్వాత ఇంకేదో వస్తుందని ఎదురుచూశాడు. రాలేదు. పుష్పమ్మ ఇచ్చిన గ్లాసు అందుకున్నాడు గాని తాగలేదు.

"నడుముల్లోతు నీళ్లల్లనా?" అన్నాడు. "అదెట్ల?"

ఐలయ్య పక్కకు జరిగి, బెంచీ మీద అతనికి చోటు ఇచ్చాడు.